పదకొండు చీటీలు

"మురికంతా వదిలిపోయిందమ్మా, చూడు ఎంత తెల్లగా వచ్చేయో," అంది ఎలీసమ్మ.

జాయ్సీ వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. కువైట్‌లో సెలవు రోజైన శుక్రవారం, చర్చిలో ఆరాధన ముగించుకుని అప్పుడే వచ్చింది. చేతిలోని బైబిలు ఇంకా కింద పెట్టలేదు. సింకులో ప్లాస్టిక్ బేసిన్. బేసిన్ నిండా పసుపు నీళ్ళు. ఆ నీళ్ళలో ఒకదాని మీద ఒకటిగా పదకొండు సముద్రపు స్పాంజి ముక్కలు. బుధవారం సాయంత్రం పడవ దిగి తెచ్చి ఫ్రీజర్లో పెట్టినప్పుడు అవి ముదురు పచ్చగా ఉన్నాయి. ఇప్పుడు ఉడికిన కంద ముక్కల్లా ఉన్నాయి.

"అత్తయ్యా, ఇవి సంచుల్లో కదా ఉండాలి. ఒక్కొక్కటి ఒక్కో సంచిలో."

"సంచులు కడిగి ఆరేశాను."

"సంచుల్లో చీటీలు ఉండాలి."

"ఉన్నాయి కదేటి. తడిసిపోయాయని తీసి ఆరబెట్టేను. ఒక్కటి కూడా పోలేదు, లెక్కెట్టుకో."

కిటికీ గట్టు మీద తెల్లటి చేతిరుమాలు పరిచి ఉంది. దాని మీద పదకొండు చీటీలు వరసగా. ఏసీ గాలికి ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో చెంచా. ఏ ముక్క ఏ చోట దొరికిందో రాసిన చీటీలవి, పెన్సిలు రాత కాబట్టి ఒక్క అక్షరం చెరగలేదు. చెరగలేదు గానీ, ఏ చీటీ ఏ ముక్కదో చెప్పే నాథుడు లేడు.

జాయ్సీ బైబిలు ఫ్రిజ్ మీద పెట్టి గోడ పట్టుకుంది.

"ఎవరు కడగమన్నారు మిమ్మల్ని?"

ఆ మాట అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. కోడలిగా ఈ ఇంటికొచ్చిన నాలుగేళ్ళలో ఆమె అత్తగారితో ఆ గొంతుతో మాట్లాడింది లేదు. ఎలీసమ్మ చేతులు తుడుచుకోవడం ఆపి కోడలి వైపు చూసింది.

"ఒకరు చెప్పాలేటి? ఫ్రీజరు తలుపు సరిగ్గా పడలేదు. నీళ్ళు కారి కోడి మీద పడతన్నాయి. తీసి చూస్తే ఒకటే పాచి, ఒకటే జిగురు. రేపు మీ డాక్టరమ్మకి అప్పజెప్పాలన్నావు కదా. మన చేతిలోంచి వెళ్ళే వస్తువు పాచి పట్టి వెళ్తుందా? ఇండియా వాళ్ళ ఇల్లింతే అనుకోరా? కల్లుప్పు వేసి మూడు నీళ్ళు, పసుపు వేసి రెండు నీళ్ళు. మామా ఇంట్లో పద్దెనిమిదేళ్ళు చేపలన్నీ అలాగే కడిగేను. ఒక్కరోజు మాట పడలేదు." మామా అంటే ఆమె పనిచేసిన కువైటీ ఇంటి యజమానురాలు.

"ఆ పాచి కోసమే అత్తయ్యా ఇదంతా."

"పాచి కోసమా?"

కోపంలో ఉన్నా, అడిగినదానికి అర్థమయ్యేలా చెప్పకుండా ఉండలేదు జాయ్సీ. కాకినాడలో జువాలజీ చదివి, కువైట్ వచ్చి రెండేళ్ళు మందుల షాపు కౌంటర్లో చిల్లర ఇస్తూ గడిపి, చివరికి సముద్ర పరిశోధన సంస్థలో దినకూలీ సహాయకురాలిగా చేరిన మనిషి. మైక్రోస్కోపులో మొదటిసారి ఆ పచ్చటి గొలుసుల్ని చూసిన రోజు ఇంటికి వచ్చి అన్నం తినడం మరిచిపోయింది.

"అవి సయనోబాక్టీరియా అత్తయ్యా. కంటికి కనపడనంత చిన్న ప్రాణులు. స్పాంజి కదల్లేదు, రాయికి అంటుకుని ఉంటుంది. దాని ఒంట్లో ఇవి కాపురం ఉంటాయి. ఎండ పట్టుకుని తిండి తయారు చేసి దానికీ పెడతాయి."

ఎలీసమ్మ బేసిన్ వైపు చూసింది.

"ఇల్లు దానిది, వంట వీటిది. అంతేనా?"

"అంతే."

"అయితే నేను వంటోళ్ళని కడిగి తూములో పోసేశానన్నమాట," అంది ఎలీసమ్మ. ఇంకెప్పుడైనా అయితే ఇద్దరూ నవ్వుకునేవారు.

జాయ్సీ ఒక ముక్క తీసి, కొత్త బ్లేడుతో అంచు కోసింది. పైన తెల్లగానే ఉంది. చర్మం కింద మాత్రం సన్నగా, దారమంత పచ్చటి గీత. రెండోది కోసింది. అందులోనూ ఉంది. పైపైన పట్టినవి పోయాయి గానీ ఒంట్లో ఉన్నవి పోలేదు. ఊపిరి పీల్చుకోబోయి, మళ్ళీ కిటికీ గట్టు మీది చెంచాల వైపు చూసింది. పచ్చ మిగిలింది, ఊరు పోయింది.

అప్పుడు లోపలికొచ్చాడు జోనాథన్. ఫింటాస్ వీధుల్లో శుక్రవారం కారు పెట్టడానికి చోటు దొరకడమంటే యుద్ధం. ఆ విసుగు ఇంకా మొహం మీద ఉంది. భార్య చెప్పింది నిలబడే విన్నాడు.

"లోపల పచ్చ ఉందిగా?"

"ఉంది."

"చీటీలు ఉన్నాయిగా?"

"ఉన్నాయి."

"ఇంకేంటి మరి? కుబ్బర్ దీవి నాలుగు, ఖారూ దీవి నాలుగు, మన ఫింటాస్ ఒడ్డువి మూడు. సంచుల్లో వేసి చీటీలు పడెయ్. మూడు చోట్లా ఒకే రకం స్పాంజి అన్నావు. ఎవడు చూశాడు?"

"ఎవరూ చూడలేదు. అదేనండీ నా బాధ."

"అర్థమయ్యేలా చెప్పు."

"పైకి చూస్తే అన్నీ ఒకే పచ్చ. జన్యువులు చదివితే గానీ ఏది ఏ వంశమో తెలీదు. కుబ్బర్లో ఉన్నవీ ఖారూలో ఉన్నవీ ఒకే వంశమా, దేనిది దానిదేనా అన్నదే మేం వెతుకుతున్నది. ఇదివరకు ఎవరైనా చూసి ఉంటే నేను తప్పు రాసినా పట్టుకుంటారు. ఈ దీవుల్లో ఎవరూ చూడలేదు. రేపు నేను ఏ ముక్కకి కుబ్బర్ అని రాస్తే లోకానికి అదే కుబ్బర్. అబద్ధమని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే ఉంటాను."

"లోకం," అన్నాడు జోనాథన్. సోఫాలో కూర్చుని బూట్లు విప్పుకోవడం మొదలెట్టాడు. "లోకానికి మన ఇఖామా సంగతి తెలుసా?"

ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి కాగితం. పదిహేను రోజులుగా ఆ ఇంట్లో ఏ మాట మొదలైనా అక్కడికే వచ్చి ఆగుతోంది. షుఐబా రేవులో జోనాథన్ చేసే కాంట్రాక్టు నెలాఖరుతో ఖలాస్. అతని ఇఖామా మీద ఉన్న జాయ్సీ కూడా అతనితోపాటే విమానం ఎక్కాలి. ఆమెకు సొంత ఇఖామా వస్తే ఇల్లు నిలుస్తుంది, అతను పూచీ పడే ఇంకో యజమానిని, అంటే కఫీల్‌ని వెతుక్కునేదాకా ఊపిరి ఆడుతుంది. ఆమెను దినకూలీ నుంచి కాంట్రాక్టులోకి మార్చే కాగితం ఆమె పైఅధికారి డాక్టర్ బదరియా బల్ల మీద ఉంది. ఆదివారం సంతకం. ఆ సంతకానికి ముందురోజు, అంటే రేపు పొద్దున, ఈ పదకొండు ముక్కలూ అప్పజెప్పాలి.

బుధవారం పడవ ఒడ్డుకు చేరేసరికి సంస్థ స్టోరుకి తాళం పడింది. గురువారం జాతీయ సెలవు, శుక్రవారం వారపు సెలవు; శనివారం డాక్టర్ గారే వచ్చి స్టోరు తెరిపిస్తానన్నారు. మా ఇల్లు దగ్గరే మేడమ్, మా ఫ్రీజర్లో పెడతానని జాయ్సీయే ముందుకొచ్చింది. ఎవరూ అడగలేదు. ఆ ఉత్సాహాన్ని తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

"నీకు ఆ పాచి ఎక్కువా, ఈ ఇల్లు ఎక్కువా?" అన్నాడు జోనాథన్.

"ఇల్లే ఎక్కువండీ."

"మరి?"

"తెలియనిదాన్ని తెలుసని రాయలేను."

"రాయలేవా, రాయవా?"

"రాయను."

అతను ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండా అలాగే కూర్చుండిపోయాడు. కొట్టడం, తిట్టడం తెలిసిన మనిషి కాదు. కోపం వస్తే మాట మానేస్తాడు. ఆ మౌనం రోజుల తరబడి ఇంట్లో తిరుగుతుంది. జాయ్సీకి దానికంటే తిట్లే నయమనిపించేది.

భోజనాలు ఎవరూ అడగలేదు. కోడికూర స్టవ్ మీదే చల్లారింది.

కాసేపటికి ఎలీసమ్మే కుంటుకుంటూ హాల్లోకి వచ్చింది. మోకాళ్ళు అరిగిపోయాకే ఆమె మామా ఇంటి నుంచి కొడుకు దగ్గరికి చేరింది. చేతిలో పెద్ద పళ్ళెం. పళ్ళెంలో పదకొండు ముక్కలు, ప్రతి ముక్క పక్కన ఒక చీటీ.

"నాకు గుర్తుంది," అంది. "ఏ సంచిలోంచి ఏది తీశానో చెప్పగలను. కూర్చుని అన్నీ సరిపెట్టేశాను. రాసుకో."

జాయ్సీ గుండె ఒక్కసారి ఎగిరింది. ఆశ అంటే అంతే, గుమ్మం తెరిచీ తెరవకముందే లోపలికి వచ్చేస్తుంది. ఈవిడ ఉప్పాడ ఒడ్డున పుట్టింది, చేప కన్ను చూసి ఎన్ని గంటలయిందో చెప్తుంది. గుర్తుండకూడదని ఎక్కడుంది?

"బాగా గుర్తుందా అత్తయ్యా?"

"అబద్ధం చెప్తానేటి?"

జాయ్సీ నోట్‌బుక్ తెచ్చి ఒక్కో ముక్క బొమ్మ గీసుకుంది. వంపు ఎటుందో, చిల్లు ఎక్కడుందో గీసి, పక్కనున్న చీటీ అంకె రాసుకుంది. పదకొండూ అయ్యాక అత్తగారికి టీ పెట్టి ఇచ్చింది. ఆవిడ టీ తాగుతుంటే చీటీలన్నీ తీసి కలిపేసింది. ముక్కల్నీ అటూ ఇటూ మార్చింది. ఖాళీ గ్లాసు అందుకుంటూ మెల్లగా అంది.

"ఇంకొక్కసారి పెట్టండి అత్తయ్యా."

ఎలీసమ్మ పళ్ళెం వైపు చూసింది. తర్వాత కోడలి వైపు.

"నమ్మకం లేదేటి?"

"నమ్మకం సంగతి కాదు. మా దగ్గర పద్ధతి ఇది. డాక్టర్ గారైనా రెండుసార్లు చూస్తారు."

"నీ అత్తకి పరీక్ష పెడుతున్నావా?" అన్నాడు జోనాథన్. పొద్దుటి నుంచీ అతను మాట్లాడిన మాటల్లో అదే పదునైనది.

"పెట్టనీరా," అంది ఎలీసమ్మ. పళ్ళెం ఒళ్ళోకి లాక్కుంది.

ఈసారి చాలాసేపు పట్టింది. ఒక్కో ముక్కను వేళ్ళతో తడిమి, వెలుతురుకి పెట్టి చూసి, చీటీ పక్కన పెట్టింది. రెండుసార్లు పెట్టిన చీటీ తీసి మార్చింది. అయిపోయాక చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎటో చూస్తూ కూర్చుంది. జాయ్సీ నోట్‌బుక్‌తో ఒక్కొక్కటే సరిచూసింది.

"ఐదు కలిశాయి," అంది చివరికి.

"ఐదు సరిగ్గా ఉన్నాయిగా, ఆ ఐదూ ఇవ్వు," అన్నాడు జోనాథన్.

"ఐదు రెండుసార్లు ఒకేలా పెట్టారంతే. ఆరు మారాయి. ఆరు మారినప్పుడు ఆ ఐదు మాత్రం నిజమని ఎలా అనుకోను?"

ఎలీసమ్మ పళ్ళెం పక్కకి జరిపింది. 

"మామా ఇంట్లో ఏ గిన్నె ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. ఇవీ అలాగే గుర్తుంటాయనుకున్నాను. మొదటి మూడూ గుర్తే. తర్వాతవి..." ఆగింది. "నీ మొహం చూడలేక పెట్టేశానమ్మా."

జాయ్సీకి ఏడుపొచ్చింది. పొద్దున అరిచినందుకు, ఇప్పుడు పరీక్ష పెట్టినందుకు, రెండోది తప్పు కాదని తెలిసినందుకు కూడా. అత్తగారి పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది. చేతికి ఇంకా పసుపు ఉంది.

"నేను డాక్టర్ గారికి ఫోన్ చేస్తాను," అంది.

జోనాథన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆపలేదు.

డాక్టర్ బదరియా మూడో రింగుకే ఫోనెత్తింది. జాయ్సీ ఇంగ్లీషులో, తడబడకుండా, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. కడిగిన సంగతి, చీటీల సంగతి, రెండుసార్లు సరిపెట్టించిన సంగతి, ఐదు కలిసిన సంగతి. అవతల ఎవరో పిల్లలు అరబ్బీలో గొడవపడుతున్నట్టు దూరంగా వినిపించింది.

"నీ ఇంట్లో పెట్టడానికి ఒప్పుకున్నది నేను," అంది డాక్టర్ చివరికి. "ఆ తప్పు నాది, అది నేను చెప్పుకుంటాను. మిగతాది నువ్వు చెప్పుకోవాలి. నమూనాల పత్రం నీ దగ్గరే ఉంది కదా, మొత్తం నింపు. ఒక్క గడి ఖాళీగా ఉన్నా నేను తీసుకోను."

"మేడమ్, ఆదివారం సంతకం..."

"పత్రం చూశాక మాట్లాడదాం, జాయ్సీ."

ఫోన్ పెట్టేసింది. తిట్టలేదు. ధైర్యమూ చెప్పలేదు.

జాయ్సీ భోజనాల బల్ల తుడిచి పత్రం పరిచింది. మూడు పేజీలు. నమూనా ఏ చోటిది అన్న గడిలో "తెలియదు" అని రాసింది. కింద మళ్ళీ రాసింది. పదకొండుసార్లు రాసింది.  మందుల షాపు కౌంటర్ గుర్తొచ్చింది. అక్కడికే తిరిగి వెళ్ళాల్సి వస్తే వెళ్తాను. అదీ దొరక్కపోతే కాకినాడలో ట్యూషన్లు చెప్తాను. ఏదైనా చేస్తాను గానీ ఈ గడిలో ఇంకో మాట రాయను. అలా అనుకుని పేజీ తిప్పింది.

జోనాథన్ వెనకాల నిలబడి చూస్తున్నాడు. పదకొండోది కూడా చదివాడు.

"ఇది ఇచ్చాక మనం ఇక్కడ ఉండం. తెలిసే రాస్తున్నావా?"

"తెలిసేనండీ."

అతను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఆ మౌనం పాత మౌనంలా లేదు.

మూడో పేజీ చివర ఒక గడి ఉంది. నమూనాలను ముట్టుకున్నవారందరి పేర్లు, వారి బతాకా కార్డుల, అంటే గుర్తింపు కార్డుల, నంబర్లు. జాయ్సీ తన పేరు రాసింది, నంబరు వేసింది. కింది గీత దగ్గర కలం ఆగిపోయింది.

జోనాథన్ తల వంచి చదివాడు. మొహంలో రంగు మారింది.

"అది మాత్రం వద్దు," అన్నాడు.

ఎందుకు వద్దో చెప్పనక్కర్లేదు. ఎలీసమ్మ ఇఖామా ఇప్పటికీ మామా పేరు మీదే ఉంది. కాగితాల ప్రకారం ఆమె మామా ఇంట్లో పనిమనిషి, ఆ గడప దాటి ఇంకో ఇంట్లో ఉండకూడదు. మామా మంచి మనసుతో, కొడుకు దగ్గరికి పోయి కాళ్ళు బాగుచేసుకోమని పంపి, ఏటేటా ఇఖామా మాత్రం రాయిస్తోంది. ఆ నంబరు ఒక ఆఫీసు కాగితం మీదికి ఎక్కి, ఆ ఇంటి పనిమనిషికి ఫింటాస్‌లో ఏం పని అని ఒక్కరు అడిగితే చాలు. మామాకు జరిమానా, ఎలీసమ్మకు విమానం. మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు.

"రాయనులెండి," అంది జాయ్సీ గొంతు తగ్గించి.

పొద్దుటి నుంచీ ఆ మొగుడూ పెళ్ళాం ఒకే మాట మీదికి వచ్చింది ఆ ఒక్క దగ్గరే. కడిగింది నేనే అని రాస్తాను, అనుకుంది జాయ్సీ. పదకొండు స్పాంజి ముక్కల కోసం ఆడనన్న అబద్ధం అత్తగారి కోసం ఇంత తేలిగ్గా నోట్లోకి వస్తుందని ఆమె అనుకోలేదు. అయినా సిగ్గనిపించలేదు. కింది గీత మీద అడ్డంగా ఒక గీత కొట్టడానికి కలం దించింది.

"ఏటి రాస్తున్నావు?" అంది ఎలీసమ్మ. సోఫాలో కళ్ళు మూసుకుని ఉంది కదా, నిద్రపోయిందనుకున్నారు ఇద్దరూ.

"ముట్టుకున్నవాళ్ళ పేర్లు అత్తయ్యా."

"చదువు."

"నా పేరు."

"ఇంకా?"

"అంతే."

ఎలీసమ్మ సోఫా చెయ్యి పట్టుకుని లేచింది. అడుగులో అడుగేసుకుంటూ బల్ల దాకా వచ్చింది.

"ఇందాక నన్ను కూర్చోబెట్టి రెండుసార్లు పరీక్ష పెట్టేవు. ఉన్నదే చెప్పాలన్నావు. ఇప్పుడు నువ్వు రాసేదేటి?"

"అది వేరు."

"ఏటి వేరు?"

 జోనాథన్ అందుకున్నాడు.

"అమ్మా, నీ ఇఖామా పోద్ది. మామా మీదికి కూడా వస్తాది. నీకు తెలీదు."

"నాకు తెలీదేట్రా? నువ్వు పుట్టి పదేళ్ళు కాకముందే వచ్చేను ఈ దేశం. మామాకి నేను ఫోన్ చేసి చెప్పుకుంటాను. రేపు మాట రాకముందే నన్ను తన ఇంటికి పిలిపించుకుంటుందో, ఊరికి పంపించేస్తుందో ఆవిడ ఇష్టం. ఈ పిల్ల ఉద్యోగం కాలదన్నుకుని ఉన్నది ఉన్నట్టు రాసింది. ఆ కాగితంలో నా దగ్గరికొచ్చేసరికి అబద్ధం పెడితే, రేపు ఆ డాక్టరమ్మ మిగతాది మాత్రం ఎందుకు నమ్మాల?"

ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు.

"పద్దెనిమిదేళ్ళు ఆ ఇంట్లో నేను చేసిన ఏ పని కిందా నా పేరు లేదు. బాగుంటే మామా ఇల్లు బాగుందన్నారు. ఇది తప్పు పనే. అయినా చేసింది నేను. ఇలాగివ్వు."

కోడలి చేతిలోంచి కలం తీసుకుంది. ఆమెకు తెలుగు అక్షరాలే వచ్చు, అవీ చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చినవి. ఇంగ్లీషు గడిలో, గీత దాటకుండా, ఒక్కో అక్షరం నోట్లో పలుక్కుంటూ రాసింది. ఎలీసమ్మ. రాసి, కొంచెం దూరంగా పెట్టి చూసుకుంది. జాకెట్లోంచి చిన్న సంచి తీసి, అందులోంచి బతాకా కార్డు తీసి జాయ్సీ ముందు పెట్టింది.

"నంబరు నువ్వు వెయ్యి. పొడుగు అంకెలు నేను తప్పు రాస్తాను."

పన్నెండు అంకెలు. జాయ్సీ కలం అందుకుంది. అత్తగారి కళ్ళలోకి చూసింది, అక్కడ బతిమాలడం గానీ భయం గానీ లేవు. మొదటి అంకె వేసింది. రెండోది వేసింది. మూడోది వేయబోతుంటే జోనాథన్ అరచెయ్యి వచ్చి గడి మీద పడింది.

"చెయ్యి తియ్యి నాన్నా," అంది ఎలీసమ్మ.

జోనాథన్ తియ్యలేదు.